నాలుక పక్కన పన్ను

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన నాలుక గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో పెత్తనమంతా దానిదే. పెళ్లయిన కొత్తలోనే అది నా సబ్బు మార్పించింది, తలనూనె మార్పించింది, పౌడరు డబ్బాను పక్కింటికి సాగనంపింది. ఉల్లిపాయ మా గడప తొక్కకూడదు. ఏదైనా వేయించాలంటే కిటికీలన్నీ బార్లా తెరవాలి. నేను బట్టలు కుడతాను. ముందుగదిలో మిషను వేసుకొని పంట్లాములు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం నా పని. సెంటు పూసుకొని వచ్చినవాళ్లను గుమ్మం బయటే నిలబెట్టి కొలతలు తీసుకునేదాన్ని. ఇవేవీ ఆయన అడిగినవి కావు. ఆయన ఎవరినీ ఏమీ అడగడు. వాసన తగలగానే మొహం ముడుచుకొని కిటికీ దగ్గరికి పోయి నిలబడతాడు. అది చూడలేక మనమే మానుకోవాలి. నెమ్మదైన మనుషుల దౌర్జన్యం ఎలా ఉంటుందో తెలియాలంటే నన్ను అడగాలి.

తోటల నుంచి తేయాకు తెప్పించి, కలిపి, పొట్లాలు కట్టి అమ్మే కంపెనీలో ఆయన టీ రుచి చూస్తాడు. పొడవాటి బల్ల మీద మూతలున్న తెల్లకప్పులు వరసగా పెడతారు. ఒక్కో కప్పులో ఒక్కో తోట ఆకు. మరిగే నీళ్లు పోసి, ఆకు నానగానే ఆ డికాషన్‌ను గిన్నెల్లోకి ఒంపుతారు. ఈయన చెంచాతో తీసుకొని జుర్రుమని లోపలికి లాగుతాడు. నీళ్లు రాని కుళాయి తిప్పితే గాలి వస్తుందే, అలా ఉంటుంది ఆ చప్పుడు. నోరంతా ఒకసారి తిప్పి, చక్రాల తొట్టిలో ఉమ్మేసి, ఒక్క మాట చెప్పి పక్క కప్పుకు పోతాడు. "పొగ." "ముదురాకు." "తడి తగిలింది." ఆ ఒక్క మాటతో లారీడు ఆకు కొనడమో, వెనక్కి తిప్పడమో జరిగిపోతుంది. మా వీధిలో ఆయనకు నాలుకగారు అని పేరు. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా నాలుకగారు ఉన్నారా అనే అడుగుతాడు.

ఆ రుచి చూసే గదికి రాజు పెద్దాయన. అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మా ఆయనకు పని నేర్పింది ఆయనే. బల్ల దగ్గర ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అందరికంటే చిన్నవాళ్లు ముందు రుచి చూసి మాట చెప్పాలి. తర్వాత వాళ్లకంటే పెద్దవాళ్లు. పెద్దాయన చిట్టచివర రుచి చూసి, అవునని తల ఊపుతాడు. పెద్దాయన ముందే చెప్పేస్తే చిన్నవాళ్లు చిలకల్లా అదే అప్పజెబుతారట, సొంత నాలుక పెరగదట. ఎంత గొప్ప గురువో అని మా ఆయన మురిసిపోయేవాడు. మొదట్లో ముందు చెప్పే వంతు ఆయనదే. ఇప్పుడది కొత్తగా చేరిన ఒక అమ్మాయిది. మా ఆయన్ను అన్నయ్య అంటుంది, నన్ను వదిన అంటుంది.

ఆ గదిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. నోటికి ఏ జబ్బు చేసినా బల్ల దగ్గర ఆ ఊసెత్తకూడదు. నా నోట్లో పుండుందని ఎవరైనా అన్నారా, అంతకుముందు ఆ మనిషి చెప్పిన మాటలన్నీ అనుమానంలో పడతాయి. అందుకని జలుబు చేసినా, పంటి చిగురు వాచినా, గుట్టుగా మింగుకొని నిలబడతారు. నోటితో బతికేవాళ్లు నోటి గురించి మాత్రం నోరు విప్పరన్నమాట.

మాకు పెళ్లయిన కొత్తలోనే ఆయనకు కుడివైపు కింద, చిట్టచివర పన్ను సలపడం మొదలైంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లుంటాయి. సందు చివర పంటి డాక్టరు ఫొటో తీసి చూశాడు. జ్ఞానదంతం పక్కకు పడుకొని ఉందని, వేర్లు ఇంకా సగమే పెరిగాయని, ఇప్పుడు తీయిస్తే సులువుగా పోతుందని చెప్పాడు. మా ఆయన సెలవు అడగడానికి పెద్దాయన గదిలోకి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాలుక పక్కన కత్తి పెట్టించుకుంటావా, కత్తి జారితే నీకు ఇంకే పని వచ్చు, అని అడిగాడట పెద్దాయన. అంతే, పంటి మాట అటకెక్కింది. నేను పోరుపెట్టాను. ఆయన కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఏడాదికి రెండుమూడుసార్లు ఆ పన్ను మీది చిగురు ఉబ్బేది. రెండు రోజులు దవడ బిగుసుకుపోయేది. లవంగ నూనె పెట్టుకోమంటే ఆ ఘాటు నోట్లోంచి పోదని పెట్టుకోడు. నొప్పి మాత్ర వేసుకోమంటే చేదు నాలుకనంటుకొని ఉంటుందని వేసుకోడు. వేడినీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించి, మౌనంగా అన్నం కెలికి లేచిపోయేవాడు. పక్కన కూర్చుని తినే మనిషికి ముద్ద ఎలా దిగుతుందో ఆ మహానుభావుడు ఒక్కరోజైనా ఆలోచించాడా అంటే, లేదు.

ఈ ఏడాది ఆయనకు నలభై దాటాక ఒక ఉదయం నోట్లోకి చెంచా కూడా పట్టలేదు. నేను కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, ఆయన చొక్కా పట్టుకొని ఈడ్చుకుపోయినంత పని చేశాను. పళ్ల ఆపరేషన్లకు పేరున్న డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి అక్కడికే తీసుకెళ్లాను. పొట్టి మనిషి, చురుకైన చేతులు. ముందు నోరు తెరవమంది. రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంది. ఇంత సందులో నా చెయ్యి పెట్టనా, పనిముట్లు పెట్టనా అని ఆమె తనలో తను గొణుక్కుంది. తర్వాత దవడ మొత్తానికి స్కానింగు తీయించి, తెర మీద పెట్టి మాకు చూపించింది.

నాకు గుడ్డ అర్థమైనట్టు ఆ బొమ్మ అర్థమైంది. పన్ను నిలువుగా లేవాల్సింది పోయి, పడుకొని తన తలతో ముందు పంటిని నెడుతోంది. సగానికి పైగా ఎముకలో పూడుకుపోయి ఉంది. వేర్లు పూర్తిగా పెరిగి, చివర్లు కొక్కేల్లా వంగిపోయాయి. అందుకని పట్టుకొని లాగితే రాదు, ఎముక తొలిచి, పంటిని ముక్కలు చేసి ఒక్కో ముక్కా బయటికి తీయాలి. ఆ ఎముక కూడా కుర్రతనంలో ఉన్నట్టు సాగదు, ఈ వయసుకు గట్టిపడిపోయింది. కింది పెదవికి పోయే నరం ఆ వేర్ల కొనలకు రాసుకుంటూ పోతోంది. ఇక నాలుక వైపు చూస్తే, ఏళ్ల తరబడి చీము పట్టీ పట్టీ ఎముక కాగితంలా పలచబడింది. దాని అవతలే నాలుకకు పోయే నరం. ఒకటి పోతే ఒకటి, ఈ మనిషి నోట్లో ఉన్న చిక్కులన్నీ ఒక్క పంటి చుట్టూ చేరాయి.

"నాలుక కూడా పెద్దదే, పనికి అడ్డం పడుతుంది," అంది డాక్టరమ్మ.

ఉద్యోగం అలాంటిదండీ అన్నాను నేను. ఆమె నవ్వింది. ఏం ఉద్యోగమో చెప్పాక నవ్వు ఆపేసి, కుర్చీ లాక్కొని మళ్లీ ఆ తెర ముందు కూర్చుంది. చివరికి, చెంప వైపు నుంచే పని చేస్తానని, నాలుక వైపు చిగురు ఎత్తనని, ఎంతసేపు పట్టినా తొందరపడనని చెప్పింది. అయినా హామీ ఇవ్వలేనని కూడా చెప్పింది. పాతికేళ్లప్పుడే తీయించి ఉంటే అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అప్పుడు వేర్లు సగమే కదమ్మా. నరానికి దూరంగా ఉండేవి. ఇంత కథ ఉండేది కాదు."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ వంక చూశాడు.

చీము తగ్గేదాకా కత్తి పెట్టనని డాక్టరమ్మ వారానికి మాత్రలు రాసిచ్చింది. అందులో ఒక మాత్రతో నోరంతా ఇనుము నాకినట్టుంటుందని, ఓర్చుకోవాలని ముందే హెచ్చరించింది. ఈయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఇప్పుడు ఈయన చేసిన నిర్వాకం వినండి. ఆ వారమే తోటల నుంచి కొత్త ఆకు వస్తోంది. ఏడాదంతా ఏ తోట ఆకు కొనాలో అప్పుడే తేల్చుకుంటారు. నోట్లో ఇనుము పెట్టుకొని బల్ల ముందు ఎలా నిలబడటం? నిలబడలేనని చెప్పడం ఎలా? అందుకని పూటపూటా నా కళ్ల ముందే మాత్ర నోట్లో వేసుకునేవాడు, గ్లాసుడు నీళ్లు తాగేవాడు, పెరట్లోకి పోయి ఉమ్మేసేవాడు. బుగ్గ కదలకుండా నోట్లో దేన్నయినా దాచిపెట్టడం, చప్పుడు లేకుండా ఉమ్మడం ఆయనకు వృత్తి. నా తాత దిగివచ్చినా కనిపెట్టలేడు.

ఆపరేషన్ రోజు డాక్టరమ్మ అద్దం పెట్టి లోపల చూసి మొహం చిట్లించింది. మందులు వేసుకున్నారా అంటే తల ఊపాడు. రోజూ వేసుకున్నారా అంటే మళ్లీ ఊపాడు. అప్పుడామె, ఈ వారం నోట్లో రుచి ఎలా ఉందని అడిగింది. ఆ మనిషి ఏ విషయంలోనైనా అబద్ధానికి తల ఊపగలడు గానీ రుచి అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేడు. నోరు బిగుసుకున్నా, పళ్ల సందులోంచి, బాగానే ఉందండీ అన్నాడు.

"ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు బాగుండదండీ," అంది డాక్టరమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే, నర్సు ముందే, కడిగేశాను. పెరట్లో ఉమ్మావా, నా చేత్తో ఇచ్చిన మందు ఉమ్మావా అని అడిగాను. ఎప్పుడూ మీరు అనే నేను ఆ రోజు నువ్వు అన్నాను. డాక్టరమ్మ నన్ను ఆపలేదు. తన వంతు వచ్చాక మాత్రం నాకంటే గట్టిగా తగులుకుంది. చీము ఉన్నచోట మత్తు సూది సరిగా పట్టదని, నొప్పికి మనిషి కదులుతాడని, కదిలితే ముందు దెబ్బ తినేది మీరు అంత భద్రంగా దాచుకుంటున్న ఆ నాలుకేనని చెప్పి, వెనక్కి పంపేసింది.

ఈసారి మాత్ర మింగాక నోట్లో వేలు పెట్టి చూశాను. అప్పటికే ఆలస్యమైంది. రెండు రోజుల్లో వాపు దవడ కిందికి దిగింది, గొంతుకు పాకింది. తన ఉమ్మి తనే మింగలేని స్థితికి వచ్చాడు. పెద్దాసుపత్రిలో చేర్చాం. సీసాల్లో మందు ఎక్కించారు. వాపు కొంచెం తగ్గి, రేపో ఎల్లుండో ఆపరేషన్ అనుకుంటుండగా, పెద్దాయన వచ్చాడు.

చేతిలో గొడుగు, మొహం నిండా జాలి. మంచం పక్కన కూర్చుని, ఎలా ఉన్నావురా అని అడిగాడు. ఆ తర్వాత మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. వాపు తగ్గింది కదా, కొత్త ఆకు ఇంకా సగం అలాగే ఉంది, ఆపరేషన్ ఇంకొన్నాళ్లు వాయిదా వేయించుకోలేవా. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి ఇంకా పచ్చిదని, ఆమె మాట మీద నిలబడలేనని కూడా అన్నాడు. నేను పళ్లరసం గ్లాసు కింద పెట్టేశాను, లేకపోతే అది ఆయన నెత్తిన పడేది.

పదిహేనేళ్ల కిందట సులువుగా పోవాల్సిన పన్ను మీ మాట వల్లే ఈ మనిషి గొంతు దాకా వచ్చిందని అన్నాను. ఊపిరి ఆడక చచ్చిపోయేవాడని, ఆకు కోసం ఇంకొన్నాళ్లు ఆగమనడానికి సిగ్గుండాలని అన్నాను. వార్డులో పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. కూర్చోనీ అనుకున్నాను. సులువుగా వచ్చేదని డాక్టరమ్మే చెప్పింది, మీరెందుకు భయపెట్టారో చెప్పి కదలండి అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

పెద్దాయన గొడుగు పిడి వంక చూశాడు.

"నాకూ సులువే అన్నారమ్మా," అన్నాడు. "ఫొటో కూడా తీయలేదు. డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, హడావిడిగా లోపలి వైపు నుంచి కోసి పన్ను లాగేశాడు. ఆ రోజు నుంచి నాలుకకు ఎడమ పక్క లేదు, రుచీ స్పర్శా తెలియవు."

నాకు వెంటనే తట్టలేదు. మంచం మీది మనిషికి తట్టింది. దిండు పక్కకు తోసి లేచి కూర్చున్నాడు. ముందు చిన్నవాళ్లు చెప్పాలి, చివర పెద్దాయన తల ఊపాలి. ఇన్నేళ్లుగా ఆ బల్ల దగ్గర జరుగుతున్నదేమిటో ఆయన కళ్ల ముందు పరిచినట్టయింది. పెద్దాయనకు మా ఆయన నాలుక అవసరం. పదిరోజుల సెలవు కూడా ఇవ్వలేనంత అవసరం. మా ఆయనకు కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. అరవాలనుకున్నాడు, దవడ తెరుచుకోలేదు. పళ్ల మధ్య నుంచే వచ్చింది ఆ మాట.

"ఇన్నేళ్లూ నా నాలుకతో బతికారా?"

పెద్దాయన కాదనలేదు. లేచి, నేను అడ్డం తప్పుకున్నాక, వెళ్లిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు ఏదో అనబోయాడు. నేను తలుపు మూశాను.

ఆపరేషన్ చేయడానికి ఆ డాక్టరమ్మే పెద్దాసుపత్రికి వచ్చింది, మా ఆయన్ను పూర్తి మత్తులోకి దించారు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టుకున్నాను. పెద్దాయన్ను తిట్టాను, ఆయన నాలుకను పాడుచేసిన ఆ హడావిడి డాక్టరును తిట్టాను, మాత్రలు ఉమ్మిన మా ఆయన్ను తిట్టాను. డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద టోపీ అంచు లోతుగా ముద్ర పడి ఉంది. పన్ను ముక్కలు ముక్కలుగా వచ్చిందని చెప్పింది. పెదవి నరానికి అతుక్కున్న వేరు కొన ఒకటి కావాలనే వదిలేశానంది. నాలుక వైపు తను ముట్టుకోలేదు. కానీ అక్కడ ఎముకను చీము ముందే తినేసింది, నరం బయటపడే ఉంది.

"తెగలేదమ్మా. నలిగింది. తిరిగి రావచ్చు, నెలలు పట్టొచ్చు. ఎంత వస్తుందో నేను చెప్పలేను."

పెదవికి స్పర్శ ఆ సాయంత్రానికే వచ్చింది. నాలుకకు కుడివైపు రాలేదు. మర్నాడు రాలేదు, కుట్లు విప్పిన రోజు కూడా రాలేదు. డాక్టరమ్మ దూది పుల్లతో అటూ ఇటూ తాకుతూ ఎక్కడ తెలుస్తుందో చెప్పమంది. ఎడమ పక్క తాకినప్పుడు చెయ్యి ఎత్తాడు. కుడి పక్క తాకుతున్నంతసేపూ ఆ చెయ్యి ఒళ్లోనే ఉంది. నాకు ఆ చేతిని పట్టుకొని పైకి ఎత్తాలనిపించింది.

సెలవు అయిపోవచ్చేనాటికి పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. రావద్దని చెప్పడానికి లేచాను గానీ మా ఆయనే తలుపు తీశాడు. ఇంటికి వచ్చిన మనిషికి టీ పెట్టాలి కాబట్టి వంటింట్లోకి వెళ్లాను. అక్కడి నుంచి మాటలన్నీ వినిపిస్తున్నాయి. పెద్దాయన తను పని మానేస్తున్నానని చెప్పాడు. తన కుర్చీ మా ఆయనకే ఇప్పించమని యజమానితో మాట్లాడాడట. నాలుక సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు, ఆ అమ్మాయి పచ్చిదైనా నాలుక మంచిది, ముందు ఆమెను చెప్పనివ్వు, నువ్వు చివర్లో తల ఊపితే చాలు. నేను ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను, నువ్వూ నెట్టుకురాగలవు అంటున్నాడు. ఆ గొంతులో కపటం లేదు. ఆయన దృష్టిలో అది నిజంగా మేలు చేయడమే.

నా చెయ్యి చక్కెర డబ్బా మీది నుంచి ఉప్పు డబ్బా మీదికి పోయింది. నిండుగా చెంచాడు వేశాను. ఒకే కప్పులో, పెద్దాయన కప్పులో.

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. "ఇది ఇంకా తెలుస్తోందమ్మా," అన్నాడు మెల్లగా. తర్వాత గుక్క గుక్కా, అడుగు దాకా తాగి కప్పు కింద పెట్టాడు. నాకు సిగ్గు వేయలేదు. కోపం ఇంకాస్త పెరిగింది, ఎందుకంటే ఆ మనిషి తన మీద కోపగించుకోవడాన్ని కూడా నాకు కష్టం చేసిపెట్టాడు.

మా ఆయన కిటికీ దగ్గరికి పోతాడేమో అనుకున్నాను, పోలేదు.

"కుర్చీ వద్దండీ," అన్నాడు. "రేపు బల్ల దగ్గర నా నాలుకకు కుడి పక్క లేదని చెప్తాను. చెప్పాక ముందు నేనే రుచి చూస్తాను. తప్పయితే తప్పని ఆ అమ్మాయే చెప్తుంది."

"నిన్ను ఉంచరురా."

"ఉంచకపోతే పోతాను."

అన్నట్టే చేశాడు. ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగిందో నాకు ఆ అమ్మాయే చెప్పింది. అందరూ వరసలో నిలబడ్డాక మా ఆయన తన నాలుక సంగతి మొత్తం చెప్పాడట, చీము దగ్గర నుంచి. తర్వాత రుచి చూసి, చాలా కప్పులకు మాట సరిగానే చెప్పాడు. ఒకదాంట్లో పొగ పట్టుకోలేకపోయాడు. ఆ అమ్మాయి భయపడుతూ పొగ ఉందండీ అంది. ఆయన మళ్లీ చెంచా ముంచి, ఎడమవైపు తిప్పి, ఉంది అని ఒప్పుకున్నాడు. యజమాని ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు, కానీ కొనుగోలు మాట ఆయన చేతిలోంచి తీసేశాడు. ఇప్పుడు గోదాములో ఆకు కలిపించే పని చూస్తున్నాడు. జీతం తగ్గింది. గోదాములో దుమ్ము. సాయంత్రం వచ్చేసరికి కనురెప్పల మీద కూడా ఆకు పొడి ఉంటుంది. నాలుక అంచున ఈమధ్య చీమలు పాకుతున్నట్టుంటోందట. అది మంచి గుర్తేనని డాక్టరమ్మ అంటోంది. రుచి మాత్రం ఇంకా రాలేదు.

ఇదంతా జరిగిన కొన్నాళ్లకు ఆ అమ్మాయి చిరిగిన సంచి జిప్పు మార్పించుకోవాలని మా ఇంటికి వచ్చింది. జిప్పు బాగానే ఉంది. సంచి నా చేతిలో పెట్టి, పోకుండా నిలబడింది. ఏమిటని అడిగితే చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"వదినా, నాకూ ఏడాది నుంచి సలుపుతోంది. ఎవరితోనూ అనలేదు. ఆ డాక్టరమ్మ దగ్గరికి నాతో వస్తారా?"

సంచి మిషను మీద పడేసి, ఆమెను నాలుగు తిట్టాను. ఏడాది నోరు మూసుకొని ఏం చేశావని తిట్టాను. తిట్టి, మర్నాడే తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ఫొటో తెర మీద పెట్టింది. ఈసారి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. పన్ను కొంచెం వాలి ఉంది, అంతే. వేర్లు సగమే పెరిగాయి. వాటి చివరకీ పెదవి నరానికీ మధ్య బోలెడంత చోటుంది. నాలుక వైపు ఎముక దళసరిగా ఉంది. చీము లేదు. నోరు తెరవమంటే ఆ అమ్మాయి మూడు వేళ్లు హాయిగా పట్టేంత తెరిచింది. ఈరోజే తీసేద్దామా అంది డాక్టరమ్మ.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపు పడుతుందని కుట్టాల్సిన పంట్లాం ఒకటి వెంట తెచ్చుకున్నాను. సూదిలో దారం ఎక్కించి, ఒక కాలు అంచు మడిచి, కుట్టు సగానికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ఏదో మరిచిపోయి బయటికి వచ్చారనుకున్నాను. ఆ అమ్మాయి చెంపకు దూది అదుముకొని, కళ్లు పెద్దవి చేసుకొని నవ్వుతూ నిలబడి ఉంది.

"అయిపోయింది వదినా," అంది, మత్తుకు మాట తడబడుతూ.

గోడ గడియారం చూశాను. పావుగంట పట్టింది. లేచి ఆమెను పట్టుకోవాలి, పట్టుకోవడానికే వచ్చాను. లేవడానికి బదులు ఒళ్లో ఉన్న ఎవరిదో పంట్లాం మొహానికి అడ్డం పెట్టుకొని, నలుగురూ చూస్తుండగా, కోపం పట్టలేక భోరున ఏడ్చాను. ఆ పిల్ల కంగారుపడి నా పక్కన కూర్చుంది. తన గురించే అనుకొని నా భుజం నిమరడం మొదలుపెట్టింది.

"నాకేం నొప్పి లేదు వదినా," అంది. "నిజంగానే, అస్సలు లేదు."